మొసలి ఇంజను ముందు నిలబడి దాని చరిత్ర చదవడం ఎలా

స్విట్జర్లాండ్‌లోని గొట్‌హార్డ్ కొండ మార్గం కోసం 1919 నుంచి 1927 దాకా 51 ఎలక్ట్రిక్ ఇంజన్లు తయారయ్యాయి. ముందూ వెనకా పొడవాటి మూతి, మధ్యలో క్యాబిన్, మూడు ముక్కలుగా ఒంపు తిరిగే ఒళ్లు. అందుకే వాటికి మొసలి అనే పేరు పడింది. ఈ తరగతి ఎందుకు పుట్టింది, ఎన్నిసార్లు మారింది, ఎంత బరువు లాగేది, దేనివల్ల వెనకబడింది అన్నవన్నీ ఇంజను మీదే కనిపిస్తాయి. మ్యూజియంలో ఇంజను ముందు నిలబడ్డా, పక్క నుంచి తీసిన మంచి ఫోటో దొరికినా ఏ వరుసలో ఏం చూడాలో, ఎక్కడ పొరబడే అవకాశం ఉందో కింద రాశాం. చేతిలో ఒక క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు పలక చదవండి

క్యాబిన్ పక్కన తరగతి పేరు, నంబరు రాసి ఉంటాయి. స్విస్ పద్ధతిలో మొదటి అక్షరం గరిష్ఠ వేగాన్ని చెబుతుంది. 'ఏ' అంటే గంటకు 80 కిలోమీటర్ల పైన, 'బీ' అంటే 70 నుంచి 80, 'సీ' అంటే 60 నుంచి 65. తర్వాత వచ్చే చిన్న 'ఈ' కరెంటు ఇంజను అని. 6/8 అంటే మొత్తం ఎనిమిది యాక్సిళ్లలో (ఇరుసుల్లో) ఆరింటిని మోటార్లు తిప్పుతాయని. చివర పైన చిన్నగా ఉండే రోమన్ అంకె, అదే అమరికతో వచ్చిన రకాల్లో ఇది ఎన్నోదో చెబుతుంది. ఇక్కడ దాన్ని గీత పెట్టి రాస్తున్నాం: సీఈ 6/8-2, సీఈ 6/8-3. సీఈ 6/8-1 కూడా ఒకటుంది. అది 1919లో బ్రౌన్ బొవేరి కంపెనీ చేసిన నమూనా ఇంజను. ఒక్కటే తయారైంది, అది మొసలి కాదు.

అంటే పలక మీద 'బీఈ 6/8-2' అని కనిపిస్తే, అది గంటకు 65 కిలోమీటర్ల నుంచి 75కు పెరిగిన ఇంజను. అక్షరం మారిందంటే వర్క్‌షాపులో పని జరిగినట్టే.

నంబరుతో సరిచూడండి

రెండో రకం 33 ఇంజన్లు 1919–1922 మధ్య వచ్చాయి, నంబర్లు 14251 నుంచి 14283. మూడో రకం 18 ఇంజన్లు, నంబర్లు 14301 నుంచి 14318. రెండింటికీ ఒళ్లు, చక్రాలు చేసింది వింటర్‌తూర్‌లోని ఎస్‌ఎల్‌ఎం ఇంజన్ల కంపెనీ. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఓర్లికాన్ కంపెనీవి.

వేగం పెంచినవాటికి 14 పోయి 13 వచ్చింది. 1942–47లో రెండో రకంలో 13 ఇంజన్లను మార్చారు: 13251 నుంచి 13259, తర్వాత 13261, ఆపైన 13263 నుంచి 13265. వీటికి వేగంతో పాటు మోటార్ల శక్తినీ పెంచారు. మూడో రకం 18 ఇంజన్లనీ 1956లో 75 కిలోమీటర్లకు అనుమతించి 13301–13318గా మార్చారు.

పొరపాటు జరిగేది ఇక్కడే. మ్యూజియం ఇంజన్లకు చాలాసార్లు పుట్టినప్పటి నంబరు మళ్లీ వేస్తారు. ఎర్స్ట్‌ఫెల్డ్‌లో నడిచే స్థితిలో ఉంచిన 14253ను చూడండి. పైన ఇచ్చిన జాబితా ప్రకారం అది ఒకప్పుడు 13253గా మారిన ఇంజను. పలక 1920 నాటి తరగతిని చెబుతుంటే లోపలి మోటార్లు 1940ల నాటివి. లూసెర్న్ రవాణా మ్యూజియంలో ఉన్న 13254 మాత్రం మారిన తర్వాతి నంబరుతోనే ఉంది. కాబట్టి నంబరు చూడగానే తీర్పు ఇవ్వకండి, పై జాబితాలో ఉందేమో వెతకండి. రంగుతో కాలం లెక్కించడం ఇంకా ప్రమాదం. తొలి రోజుల్లో గోధుమ రంగు, తర్వాత ఆకుపచ్చ అన్నది నిజమే గానీ మ్యూజియంలో రంగు కొత్తగా వేసిందే అయి ఉంటుంది.

రాడ్లు చూస్తే రకం తేలిపోతుంది

పలక లేని ఫోటో దొరికినా రెండో రకమా మూడో రకమా అన్నది పది సెకన్లలో చెప్పవచ్చు. ఇంజనును పక్క నుంచి చూడండి. ప్రతి మూతి కింద మూడు పెద్ద చక్రాలు, మూతి చివర ఒక చిన్న చక్రం ఉంటాయి. పెద్దవాటి వ్యాసం 1,350 మిల్లీమీటర్లు, చిన్నవాటిది 950. చిన్న చక్రాలను మోటారు తిప్పదు. అవి ఒంపుల్లో ముందు దారి చూపిస్తూ కాస్త బరువు మోస్తాయి, అంతే.

ప్రతి మూతిలో రెండు మోటార్లు. అవి పళ్లచక్రాల ద్వారా పైనున్న జాక్‌షాఫ్ట్‌ను, అంటే మోటార్ల శక్తిని రాడ్లకు అందించే అడ్డ ఇరుసును తిప్పుతాయి. జాక్‌షాఫ్ట్ చివరి క్రాంకు (రాడ్డు తగిలించే చేయి) నుంచి తిరుగుడు చక్రాలకు ఎలా దిగుతుందన్నదే తేడా.

రెండో రకంలో పెద్ద చక్రాల వరుసలోనే, అదే ఎత్తులో, చక్రం లేని ఒక క్రాంకు కనిపిస్తుంది. పట్టాలను తాకని ఉత్తుత్తి షాఫ్ట్ అది. పైనున్న జాక్‌షాఫ్ట్‌ను, ఈ షాఫ్ట్‌ను, చక్రాల రాడ్లను కలుపుతూ ఒక త్రికోణపు ఉక్కు ఫ్రేము ఉంటుంది. త్రికోణం కనబడిందా, అది రెండో రకం.

మూడో రకంలో త్రికోణమూ లేదు, ఉత్తుత్తి షాఫ్టూ లేదు. జాక్‌షాఫ్ట్ క్రాంకు నుంచి ఒక పొడవాటి రాడ్డు ఏటవాలుగా చక్రం మీదికి దిగుతుంది. భాగాలు తక్కువ, బేరింగులు తక్కువ, నూనె పోయాల్సిన చోట్లూ తక్కువ. ఇంజను పొడవు కూడా కొంచెం ఎక్కువే: రెండో రకం 19.4 మీటర్లు, మూడోది 20.06. కానీ ఫోటోలో పొడవు కొలవాలని చూడకండి. రాడ్డు చూడండి చాలు.

త్రికోణం ఎందుకు పెట్టారో, తర్వాత ఎందుకు తీసేశారో అర్థం కావాలంటే రాడ్ల బాధ తెలియాలి. ఇంజనుకు ఎడమ పక్కన, కుడి పక్కన రాడ్లు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక పక్క రాడ్డు తోయలేని స్థానంలో ఉన్నప్పుడు రెండో పక్కది పూర్తి బలంతో తోస్తుంది. ఇలా చక్రం తిరిగిన ప్రతిసారీ బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతుంది. బేరింగుల్లో మిల్లీమీటరులో పదో వంతు సందు పెరిగినా ఆ మార్పిడి దెబ్బగా మారుతుంది. ఆ దెబ్బల వేగం, రాడ్లూ ఫ్రేమూ సహజంగా ఊగే వేగం ఒకటైతే మొత్తం యంత్రం వణుకుతుంది. 1913లో లోచ్‌బెర్గ్ మార్గానికి వచ్చిన బీఈ 5/7 ఇంజన్లకు ఈ వణుకు తీవ్రంగా పట్టుకుంది. మొసలి వచ్చేసరికి తయారీదార్లకు ఆ సంగతి తెలుసు.

మీరే లెక్క వేసి చూడండి. 1,350 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత 4.24 మీటర్లు. గంటకు 65 కిలోమీటర్ల దగ్గర నిమిషానికి 255 చుట్లు, 75 దగ్గర 295. రాడ్డు బరువు వల్ల పుట్టే ఊపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 65 నుంచి 75కు పోతే ఊపు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. పలక మీద 'సీ' పోయి 'బీ' రావడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, అది రాడ్లకు, బేరింగులకు పెట్టిన పెద్ద పరీక్ష.

అన్ని కష్టాలుంటే రాడ్లే ఎందుకు

ఒక్కో యాక్సిల్‌కు ఒక్కో మోటారు పెట్టవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. ఆ రోజుల్లో ఆ మోటారు చక్రాల మధ్య పట్టదు. గొట్‌హార్డ్ లైన్‌లో 15,000 వోల్టుల సింగిల్ ఫేజ్ ఏసీ. ఏసీతో కమ్యుటేటర్ మోటారు నడిపితే, తిరిగే రాగి కడ్డీల వరుసకు (అదే కమ్యుటేటర్) కరెంటు అందించే బ్రష్‌ల కింద అదనపు వోల్టేజీ పుట్టి నిప్పురవ్వలు లేస్తాయి. ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే రవ్వలు అంత ఎక్కువ. అందుకే 50కి మూడో వంతు, అంటే 16⅔ హెర్ట్జ్ ఎంచుకున్నారు. అయినా మోటారు లావుగా, బరువుగానే వచ్చింది. దాన్ని పైన ఫ్రేము మీద కూర్చోబెట్టి రాడ్లతో కిందికి దించడమే దారి. దాంతో ఇంకో లాభమూ దక్కింది. మూడు చక్రాల జతలు రాడ్లతో కట్టి ఉంటాయి కాబట్టి ఒక జత కింద పట్టా తడిగా ఉన్నా అదొక్కటే విడిగా తిరిగిపోదు.

ఈ మోటారుకు అసలు గండం బండి కదలక ముందు. చక్రం తిరగకుండా కరెంటు ఎక్కిస్తే ఒకే కమ్యుటేటర్ కడ్డీల మీద రవ్వలు నిలిచి అవి కాలిపోతాయి. ఘాట్ మీద ఆగిన బండిని లేపేటప్పుడు డ్రైవరు నాచ్ (కరెంటు పెంచే మెట్టు) వేసి ఎదురుచూస్తూ కూర్చోకూడదు. కదలకపోతే కరెంటు తీసేసి, ఇసుక వేసి, మళ్లీ ప్రయత్నించాలి. కదిలిన తర్వాత మాత్రం సుఖమే. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపుల (వేర్వేరు వోల్టేజీలిచ్చే కొసల) మీద నడుస్తుంది కాబట్టి ఏ నాచ్ మీదైనా ఎంతసేపైనా నడపవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మధ్య క్యాబిన్‌లో ఉంటుంది. మోటార్లు రెండు మూతుల్లో ఉంటాయి. ఒంపుల్లో మూతులు బోగీలతో పాటు తిరుగుతాయి (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, ఇంజను కింది చక్రాల చట్రం). బఫర్లు, హుక్కులు బోగీలకే ఉండి లాగుడు ఒక బోగీ నుంచి ఇంకోదానికి నేరుగా పోతుంది, మధ్య క్యాబిన్ మీద పడదు. 280 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒంపుల్లో 19 మీటర్ల ఇంజను తిరగాలంటే ఇంతకంటే తేలిక మార్గం అప్పట్లో లేదు.

ఎంత లాగేది: లెక్క

ఈ తరగతి చరిత్రలో ఎక్కువ భాగం ఒక్క లెక్కలో ఇమిడి ఉంది. ఇంజను తయారీకి పెట్టిన షరతు ఇది: వెయ్యి మీటర్లకు 26 మీటర్లు ఎక్కే వాలు మీద 430 టన్నుల బండిని గంటకు 35 కిలోమీటర్లతో లాగాలి. ఇంజను బరువు 128 టన్నులు.

వాలు వెయ్యికి ఎన్ని మీటర్లో, ప్రతి టన్నును ఎక్కించడానికి అన్ని కిలోల లాగుడు కావాలి. చక్రాలు దొర్లడానికి, గాలిని తోసుకు వెళ్లడానికి ఈ వేగాల్లో టన్నుకు ఇంకో 4 కిలోలు వేసుకోండి. ఇంజను తన బరువును తానే ఎక్కించుకోవాలి కనుక దాన్నీ కలపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

430 + 128 = 558 టన్నులు. 26 + 4 = 30. 558 × 30 = 16,740 కిలోల లాగుడు. శక్తి కావాలంటే లాగుడును వేగంతో గుణించి 367తో భాగించండి, జవాబు కిలోవాట్లలో వస్తుంది: 16,740 × 35 ÷ 367 = 1,596. రెండో రకం ఇంజను గంట రేటింగు 1,650 కిలోవాట్లు. షరతు పెట్టినవాళ్లు ఎంత దగ్గరగా లెక్క కట్టారో చూడండి. మూడో రకం రేటింగు 1,810 కిలోవాట్లు.

గంట రేటింగు అంటే ఆ శక్తితో ఒక గంట నడిస్తే మోటారు వేడి హద్దుకు చేరుతుందని. కొండ అడుగునున్న ఎర్స్ట్‌ఫెల్డ్ నుంచి సొరంగం మొదట్లో ఉన్న గోషెనెన్‌కు సుమారు 29 కిలోమీటర్లు. 35 వేగంతో యాభై నిమిషాలు. ఆ తర్వాత 15 కిలోమీటర్ల సొరంగంలో ఎత్తు పెద్దగా పెరగదు, మోటార్లు చల్లబడతాయి. ఇంజను సామర్థ్యాన్ని కొండను చూసి నిర్ణయించారన్నమాట. ఇదే ఇంజనును రెండు గంటల ఏకధాటి ఎక్కుడున్న మార్గంలో ఇదే బరువుతో పంపితే మోటారు వైండింగు మాడుతుంది. బొమ్మ రైలు లేఅవుట్లు వేసేవాళ్లు, సిమ్యులేటర్‌లో బండ్లు నడిపేవాళ్లు శక్తి అంకెను చూసి లోడు నిర్ణయిస్తారు గానీ ఆ అంకె ఎంతసేపటికో చూడరు.

శక్తి సరిపోయినా పట్టు సరిపోవాలి. మోటార్లు తిప్పే ఆరు యాక్సిళ్ల మీద పడే బరువు సుమారు 104 టన్నులు. మిగతా 24 చిన్న చక్రాల మీద పడుతుంది, అది పట్టుకు పనికిరాదు. 16.74ను 104తో భాగిస్తే 0.16. ఎండిన పట్టా మీద 0.25 పైన దొరుకుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. తడిసిన పట్టా మీద 0.15 దాకా పడిపోవచ్చు. వాన, మంచు, రాలిన ఆకులు ఉన్న రోజున ఇసుక డబ్బాలు ఖాళీగా ఉంటే ఇదే బండి ఘాట్ మధ్యలో నిలబడిపోతుంది. ఒంపులో బండి ఉంటే ఇంకో అదనం ఉంది: 700ను వ్యాసార్ధంతో భాగించి వచ్చినదాన్ని టన్నుకు కలుపుకోండి. 280 మీటర్ల ఒంపుకు 2.5 కిలోలు. మెలి సొరంగాల్లో వాలును కొద్దిగా తగ్గించి కట్టింది ఇందుకే.

ఈ లెక్కతోనే మొసలి ఎందుకు వెనకబడిందో కూడా తెలుస్తుంది. 1952లో వచ్చిన ఏఈ 6/6 ఇంజను బరువు 120 టన్నులు. ఆరు యాక్సిళ్లూ మోటార్లు తిప్పేవే, చిన్న చక్రాలు లేవు, రాడ్లూ లేవు. దాని షరతు అదే వాలు మీద 600 టన్నులు, గంటకు 75 కిలోమీటర్లు. 720 × 30 = 21,600. 21,600 × 75 ÷ 367 = 4,414 కిలోవాట్లు. దాని రేటింగు సుమారు 4,300. తక్కువ బరువుతో రెండున్నర రెట్ల శక్తి. అలాంటివి 120 వచ్చేసరికి మొసళ్లు కొండ దిగి మైదానపు గూడ్స్‌కు, కంకర బండ్లకు, షంటింగ్‌కు వెళ్లాయి.

దిగేటప్పుడు

ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. గోషెనెన్ ఎత్తు 1,106 మీటర్లు, ఎర్స్ట్‌ఫెల్డ్ 472. అదే 558 టన్నులు 634 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 960 యూనిట్ల కరెంటుతో సమానం. అందులో ఐదో వంతు కంటే కాస్త తక్కువ చక్రాలు దొర్లడంలోనే పోతుంది. మిగిలిన దాదాపు 790 యూనిట్లు బ్రేకులు మింగాలి. అన్నీ బ్రేక్ బ్లాకుల మీదే వేస్తే ఆ వేడంతా చక్రపు టైర్లలోకి పోతుంది.

టైరు అంటే చక్రం చుట్టూ వేడి చేసి బిగించిన ఉక్కు కట్టు, మన బండి చక్రానికి కమ్మరి వేసే పట్టీ లాంటిదే. బ్రేకుల వేడికి అది వ్యాకోచించి చక్రం మీద వదులైపోతుంది. రాడ్లతో కట్టిన ఇంజనులో ఒక టైరు జారితే మిగతా చక్రాలతో దాని లెక్క తప్పి రాడ్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే టైరుకూ చక్రానికీ అడ్డంగా ఒక రంగు గీత గీస్తారు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే టైరు జారినట్టే. మ్యూజియం ఇంజన్లలో కూడా ఈ గీత కోసం చూడండి.

మొసలికి ఇందుకే మోటార్లను జనరేటర్లుగా మార్చి కరెంటును తిరిగి పై తీగలోకి పంపే బ్రేకు పెట్టారు. సింగిల్ ఫేజ్ ఏసీ ఇంజనులో ఈ ఏర్పాటు ఆ కాలానికి కొత్త. దిగే బండి ఇచ్చిన కరెంటు ఎక్కే బండికి అందుతుంది, లేదంటే ఆ మార్గం కోసమే కట్టిన రిటోమ్, ఆమ్‌స్టెగ్ జలవిద్యుత్ కేంద్రాల మీద భారం తగ్గిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు కొరతతో అల్లాడిన దేశం ఈ మార్గాన్ని 1920 నుంచి 1922 లోపు కరెంటుకు మార్చడానికి తొందరపడింది. ప్రతి యూనిట్‌నూ వెనక్కి రాబట్టాలనుకోవడంలో వింతేమీ లేదు.

దగ్గరికి వెళ్తే ఏం పరీక్షించాలి

రాడ్లు కట్టిన ఇంజనులో మూడు పెద్ద చక్రాల జతలకూ ఒకే వ్యాసం ఉండాలి. ఒక జత వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గినా ఒక్కో చుట్టుకు 3.14 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కిలోమీటరుకు 236 చుట్లు కాబట్టి దాదాపు 740 మిల్లీమీటర్లు ఆ చక్రం పట్టా మీద ఈడ్చుకుపోవాలి. ఆ ఈడ్పు రాడ్ల మీద పడి క్రాంకు పిన్నుల బేరింగులు వేడెక్కుతాయి. అందుకే ఒక టైరు అరిగితే దాన్నొక్కదాన్నే లేతులో సరిచేయరు, ఆ బోగీలో మూడు జతలనూ కలిపి తిప్పుతారు.

వేడెక్కిన బేరింగుకు గుర్తు దాని చుట్టూ నూనె చిమ్మి నల్లగా గట్టిపడి ఉండడం. రాడ్డు చివర్ల మీద ఉన్న చిన్న నూనె గిన్నెలకు మూతలున్నాయో లేదో చూడండి. మూత లేని గిన్నెలోకి ఇసుక పోతుంది. ఇసుక పైపులు చక్రం ముందు అంత దగ్గరగా ఉన్న ఇంజనులో ఇది మామూలు విషయం కాదు. త్రికోణపు ఫ్రేము మూలల్లో పగుళ్లు సరిచేసిన వెల్డింగు ఉందేమో చూడండి. బరువు దిశ మారే చోటు అదే.

మొసళ్లు కాని మొసళ్లు

పోలిక వల్ల ఇదే ముద్దుపేరు మరికొన్నింటికీ వచ్చింది. వేరు చేయడం కష్టమేమీ కాదు.

స్విట్జర్లాండ్‌లోనే ఉన్న రేషియన్ రైల్వే జీఈ 6/6-1 మీటర్ గేజిది. పలకలో 'జీ' ఉంటే చిన్న గేజి అని అర్థం. 1921–29లో 15 వచ్చాయి, నంబర్లు 401–415. ముందు చిన్న చక్రాలు ఉండవు, 66 టన్నులూ పట్టుకే పనికొస్తాయి. ఒక్కో బోగీకి ఒక్కటే మోటారు. ఆల్బులా మార్గంలో వాలు వెయ్యికి 35. దాని షరతు 200 టన్నులు, గంటకు 30. పైన చెప్పిన పద్ధతిలో మీరే వేయండి, 850 కిలోవాట్ల దగ్గర ఆగుతుంది. చక్రం 1,070 మిల్లీమీటర్లు, గరిష్ఠ వేగం 55. అంటే నిమిషానికి 273 చుట్లు. పెద్ద మొసలి 255–295 చుట్లతో పోల్చండి. గేజి మారినా, బరువు సగమైనా రాడ్ల హద్దు మాత్రం అక్కడక్కడే ఉంది.

ఆస్ట్రియా ఆర్ల్‌బెర్గ్ కొండకు 1923 నుంచి వచ్చిన 1100 తరగతికి (తర్వాత 1089, 1189) స్విస్ దానిలాగే చిన్న చక్రాలూ రాడ్లూ ఉన్నాయి. నంబరు పలకే గుర్తు. జర్మనీ ఈ 94కు మూతులున్నాయి గానీ రాడ్లు లేవు. ఒక్కో యాక్సిల్‌కు ఒక్కో మోటారు. 1940 నాటికి మోటార్లు చక్రాల మధ్య పట్టేంత చిన్నవయ్యాయి. అసలు ఇంజన్లు చూడాలంటే పైన చెప్పినవి కాక జర్మనీలో జిన్స్‌హైమ్ మ్యూజియంలో 14282 ఉంది. మూడో రకం ఏటవాలు రాడ్డు కోసం స్విస్ రైల్వే చారిత్రక సంస్థ దగ్గరున్న 14305 ఫోటోలు వెతకండి.

మన ఘాట్‌ల మీద అదే లెక్క

ఈ కుటుంబంలో ఒక ఇంజను మన దేశానికి వచ్చింది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే ముంబై దగ్గరి భోర్, థల్ ఘాట్‌ల కోసం 1928–29లో 41 ఇంజన్లు తెప్పించింది. కొన్ని వింటర్‌తూర్ ఎస్‌ఎల్‌ఎంలో, మిగిలినవి ఇంగ్లండ్ వల్కన్ ఫౌండ్రీలో తయారయ్యాయి. కరెంటు భాగాలు మెట్రోపాలిటన్ వికర్స్‌వి. మొదట ఈఎఫ్/1 అని, తర్వాత డబ్ల్యూసీజీ-1 అని పేరు. మరాఠీ సిబ్బంది వాటిని ఖేకడా, అంటే పీత అనేవాళ్లు. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉన్న ఇంజను మీద అప్పటి బొంబాయి గవర్నరు సర్ లెస్లీ విల్సన్ పేరు కనిపిస్తుంది.

ఘాట్ వాలు వన్ ఇన్ 37. వెయ్యిని 37తో భాగిస్తే 27. గొట్‌హార్డ్‌తో దాదాపు సమానం. ఇంజను బరువు సుమారు 123 టన్నులు, చిన్న చక్రాలు లేవు కాబట్టి అంతా పట్టుకే. 2,600 హార్స్‌పవర్ అంటే 1,940 కిలోవాట్లు. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర లాగుడు 1,940 × 367 ÷ 30, అంటే 23,700 కిలోలు. దాన్ని 31తో భాగిస్తే 765 టన్నులు. ఇంజను పోగా 640. కానీ 23.7ను 123తో భాగిస్తే 0.19 వస్తుంది. వానాకాలంలో సహ్యాద్రి మీద ఆ పట్టు దొరకడం కష్టం. వర్షపు రోజుకు 0.15తో లెక్క వేస్తే లాగుడు 18,450 కిలోలు, బండి 470 టన్నుల దగ్గర ఆగుతుంది. ఘాట్ మీద వెనక బ్యాంకర్ ఇంజను ఎందుకు పెడతారో ఇక్కడే తెలుస్తుంది. ముందు రెండు ఇంజన్లు కడితే సరిపోదు. మొదటి పెట్టె కప్లింగ్ తట్టుకునే లాగుడుకు ఒక హద్దుంది, వెనక నుంచి తోస్తే ఆ భారం సగం అవుతుంది.

డబ్ల్యూసీజీ-1ను స్విస్ ఇంజనుతో పోల్చేటప్పుడు ఒక తేడా మరవకండి. అది 1,500 వోల్టుల డీసీ ఇంజను, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. బండిని లేపేటప్పుడు కరెంటును రెసిస్టెన్స్ గ్రిడ్ల ద్వారా తగ్గిస్తారు. ఆ నాచ్‌ల మీద ఎక్కువసేపు పాకితే గ్రిడ్లు ఎర్రబడి కాలిపోతాయి. అంటే ఏసీ మొసలికి గండం నిలబడి ఉన్నప్పుడు, డీసీ దానికి గండం మెల్లగా పాకేటప్పుడు.

విశాఖ వాళ్లకు తెలిసిన కొత్తవలస–కిరండూల్ లైన్ మీద కూడా ఈ లెక్క వేసి చూడవచ్చు. సిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు, వాలు వన్ ఇన్ 60, అంటే వెయ్యికి 16.7. మొసలి లాగుడు 16,740 కిలోలను 20.7తో భాగిస్తే 809 టన్నులు. ఇంజను పోగా 680. ఇనుప ఖనిజం బండ్లకు అది ఏ మూలకూ చాలదు. ఈ లైన్‌లో బరువంతా కొండ మీద నుంచి రేవుకు దిగుతుంది, ఖాళీ వ్యాగన్లు పైకి వెళ్తాయి. అందుకని ఇక్కడ లోడు లెక్క మొదలుపెట్టాల్సింది కొండ దిగే వైపు బ్రేకుల నుంచి. 1980ల చివర స్వీడన్ ఏసియా, జపాన్ హిటాచీల నుంచి తెప్పించిన 18 డబ్ల్యూఏజీ-6 ఇంజన్లకు వాల్తేరు షెడ్డు నివాసమైంది. దాదాపు 6,000 హార్స్‌పవర్, థైరిస్టర్ నియంత్రణ, రాడ్లు లేవు, ఆరు యాక్సిళ్లూ మోటార్లవే. పైన చెప్పిన పద్ధతిలో వాటిని లెక్క వేయాలంటే 4,400 కిలోవాట్లు, 123 టన్నులు తీసుకుని, పట్టు 0.15 దగ్గర ఎంత, 0.25 దగ్గర ఎంత అని రెండుసార్లు చేయండి. గంటకు 40 దగ్గర ఎండలో హద్దు పెట్టేది మోటారు శక్తి కాదు, ఆ శక్తంతా వాడాలంటే అక్కడ కావలసిన పట్టు 0.33. అంటే ఎండలోనూ పట్టే ముందు అడ్డుపడుతుంది. వేగం 53 దాకా చేరితే గానీ పొడి పట్టా మీద మోటారు శక్తి మొత్తం వాడుకోవడం కుదరదు.